సోంగన్న నోటుపుస్తకంలో లేని ప్రశ్న

కో మావోసోంగ్‌కి భయం పుట్టుకతో వచ్చింది. తుపాను కబురు రాగానే ఊరంతా కిటికీ అద్దాలకు టేపు అంటిస్తుంది. మావోసోంగ్ దాని మీద ఇంకో వరస అంటించి, గంటకోసారి వచ్చి వేలితో తడిమి చూసుకుంటాడు. స్కూటరుకు రెండు తాళాలు, దుకాణం షట్టరుకు మూడు. భూమి కాస్త కదిలితే చాలు, అందరికంటే ముందు వీధిలో ఉండేది అతనే, అదీ చెప్పులు వేసుకుని మరీ. చూడబోతే నిలువెత్తు మనిషి, భుజాలు ఇంతేసి, యాభై ఒక్క ఏళ్ళకీ చేతులు ఇనప కడ్డీలే. లోపలుండేది మాత్రం పిట్ట ప్రాణం.

ఈ ద్వీపానికి దక్షిణాన ఉన్న కావోషుంగ్ రేవు నగరంలో, జ్వోయింగ్ టెన్నిస్ మైదానాల వెనక సందులో అతని దుకాణం. టెన్నిస్ రాకెట్లకు గట్టింగ్ చేస్తాడు, అంటే తీగలు అల్లి బిగిస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. నిజం చెప్పాలంటే ఆ భయమే అతనికి అన్నం పెట్టింది. యంత్రం మీద రాకెట్ బిగించాక ప్రతి తీగనీ రెండుసార్లు లాగి చూస్తాడు, వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఇంతవరకు అతని చేతిలో ఒక్క ఫ్రేము విరగలేదు. కోచ్‌లు, కాలేజీ ఆటగాళ్ళు, రిటైరైన నౌకాదళం వాళ్ళు, అందరూ "సోంగన్నా" అంటూ అక్కడికే వస్తారు.

భార్య మెయ్‌యూ పొద్దున పూట పక్క వీధిలో సోయాపాలు, ఆవిరి రొట్టెలు అమ్మే బండి నడుపుతుంది, మధ్యాహ్నాలు దుకాణం వెనక గదిలో మర్నాటి పిండి కలుపుతుంది. నెలకోసారి, మొదటి శనివారం, బ్యాంకు పాసుపుస్తకం పట్టుకెళ్ళి మిషన్లో పెట్టి ఎంట్రీలు వేయించుకొస్తుంది. ఇంటికొచ్చి ప్రతి వరస మీదా వేలు పెట్టి చదువుతుంది. ఇప్పుడంతా ఫోనులోనే కనిపిస్తుంది కదే అని మావోసోంగ్ ఒకసారి అన్నాడు. "ఫోను నీ చేతిలో ఉంటుంది. పుస్తకం నా చేతిలో ఉంటుంది," అంది ఆమె.

ఆ అలవాటు ఆమెకు ఊరికే రాలేదు. ఆమె చిన్నతనంలో ఈ ద్వీపాన్నంతటినీ అంకెల లాటరీ పిచ్చి ఊపేసింది. వాళ్ళ నాన్న అందులో నిలువునా మునిగాడు. ఇల్లు పోయింది, పొలం పోయింది. అప్పులవాళ్ళు భోజనాల వేళకి వచ్చి, వాళ్ళ బల్ల దగ్గరే కూర్చుని, వాళ్ళ గిన్నెల్లోనే వాళ్ళ అన్నం తిని పోయేవారట. పిల్లలు గోడకు ఆనుకుని చూస్తూ నిలబడేవారట. పెళ్ళికి ముందు మెయ్‌యూ మావోసోంగ్‌ని కూర్చోబెట్టి ఒకే ఒక్క మాట అడిగింది. "తాగు, నేనేమీ అనను. కోపం వస్తే కేకలెయ్యి, పడతాను. పందెం మాత్రం కాయకు. కాశావని తెలిసిన రోజు నేను నీ ఇంట్లో ఉండను." మెయ్‌యూ ఏ మాటైనా ఒక్కసారే చెబుతుంది. మావోసోంగ్ తల ఊపాడు. ఆ మాట పాతికేళ్ళు నిలబెట్టుకున్నాడు కూడా.

తర్వాత నాలుగేళ్ళుగా నిలబెట్టుకోలేదు.

పాడు చేసింది టాక్సీ నడిపే లియావ్. ఖాళీ దొరికినప్పుడల్లా దుకాణం ముందు బండి ఆపి, వక్కాకు నములుతూ కబుర్లు చెప్పే రకం. ఒక రోజు ఫోను తెచ్చి మావోసోంగ్ ముక్కు ముందు పెట్టాడు. విదేశంలో నడిచే ప్రిడిక్షన్ మార్కెట్ అది, జోస్యాల బజారు అనుకోండి. ఏ టెన్నిస్ మ్యాచ్ అయినా అందులో ఒక సరుకే. ఫలానా అమ్మాయి గెలుస్తుంది అనే చీటీ అరవై సెంట్లకు అమ్ముతుంటారు. గెలిస్తే ఆ చీటీకి డాలరు వస్తుంది, ఓడితే సున్న. ఆట మధ్యలో ఆ ధర క్షణక్షణానికీ మారుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చు.

"నువ్వు కూరగాయలు బేరమాడినట్టే సోంగన్నా, పందెం అని ఎందుకనుకుంటావ్?" అన్నాడు లియావ్.

"కూరగాయలు మిగిలితే వండుకుతింటాం. ఇది మిగిలితే ఏం చేస్తాం?" అన్నాడు మావోసోంగ్. అని, ఫోను మాత్రం వెనక్కివ్వలేదు.

తెర మీద మ్యాచ్ నడుస్తోంది. బంతి తగిలే శబ్దానికి అతను చెవి రిక్కించాడు. "ఈ పిల్ల రాకెట్ తీగ వదులైపోయింది. వింటున్నావా? బంతి లోతుగా పోతోంది. ఇంకో మూడు గేములు చూడు, గీత దాటుతూనే ఉంటుంది." అలాగే జరిగింది. లియావ్ నోట్లో వక్క నమలడం ఆపేశాడు.

అదీ కథ. ప్రపంచంలో కంప్యూటర్లు పెట్టుకుని లెక్కలు కట్టేవాళ్ళకు వినబడనిది, ఇరవై ఏళ్ళకు పైగా తీగలు మీటిన చెవికి వినబడింది. దేవుడిచ్చిన విద్య అనాలా, పట్టిన శని అనాలా, మీరే చెప్పండి.

కానీ భయస్తుడు భయస్తుడే. పందెం ఎంత కాయాలి అని అందరూ ఆలోచిస్తే, మావోసోంగ్ డబ్బు ఎలా కట్టాలి అని నెల రోజులు ఆలోచించాడు. పిల్లల గళ్ళ నోటుపుస్తకం ఒకటి కొన్నాడు. అట్ట మీద "గట్టింగ్ కొలతలు" అని రాశాడు. లోపల ఒక్కో దారికీ ఒక్కో పేజీ. ప్రతి పేజీ పైనా అవే మూడు ప్రశ్నలు. డబ్బు లోపలికి ఎలా పోతుంది? బయటికి ఎలా వస్తుంది? మధ్యలో నా పేరు ఎవరికి తెలుస్తుంది?

సర్కారువారి స్పోర్ట్స్ లాటరీ దుకాణం: నోటు ఇచ్చి చీటీ తీసుకోవడమే, గెలిస్తే నోటు చేతికొస్తుంది, నిద్ర పడుతుంది. కానీ ఇచ్చే రేటు మరీ పీనాసి, పైగా ఆ దుకాణం మెయ్‌యూ బండికి ఎదురుగా ఉంది. వీధిలో పందేలు రాసుకునే దళారి: ముందు పైసా కట్టక్కర్లేదు, సోమవారం లెక్క తేల్చుకోవచ్చు. ఆ పేజీలో మావోసోంగ్ రాసింది ఒకే ముక్క: "మామగారు." సూపర్ స్టోరు మిషన్లో కోడ్ కొట్టి డబ్బు కట్టించుకునే వెబ్‌సైట్లు: లోపలికి పోవడం అరనిమిషం పని. డబ్బు బయటికి తెచ్చుకున్న మనిషిని ఒక్కణ్ణి కూడా చూడలేదు. బ్యాంకు కార్డు: పాసుపుస్తకంలో పడుతుంది, చచ్చాం.

చివరికి మిగిలింది ఒక్కటే. ఒక్కోటి ఒక అమెరికా డాలరు విలువ చేసే డిజిటల్ కాయిన్లు. లియావ్ తన పేరు మీద కొని పంపేవాడు, మావోసోంగ్ అతనికి గట్టింగ్ డబ్బుల్లోంచి అయిదొందల యువాన్లు, వెయ్యి యువాన్లు చేతికిచ్చేవాడు. ఆ పుస్తకం సంగతి పందేలు కాసే నలుగురికీ పాకి, ఏ దారి మంచిదో సోంగన్నని అడగండి అనేదాకా వచ్చింది. "పిరికివాడు నడిచిన దారైతే పిల్లలు కూడా నడవొచ్చు," అని లియావ్ ఎగతాళి చేసేవాడు. నాలుగేళ్ళు గడిచాయి. అయిదొందలూ వెయ్యీ యువాన్లతో మొదలైన కాయిన్లు తొమ్మిది వేల ఆరొందలు దాటాయి. మన లెక్కలో మూడు లక్షల యువాన్లు. అందులో ఒక్క యువానైనా మావోసోంగ్ చేతికి తీసుకోలేదు. తీసుకుంటే ఎక్కడ పెట్టాలి? ఏమని చెప్పాలి?

అలా ఉండగా ఆ జనవరిలో టీవీలో ఒక వార్త వచ్చింది. అలాంటి విదేశీ బజారులోనే ఎన్నికల మీద పందెం కాసినవాళ్ళని ఏదో జిల్లాలో పోలీసులు పిలిపించి విచారించారట. మావోసోంగ్ నూడుల్స్ తింటున్నాడు. తినే పుల్లలు గిన్నె మీద పెట్టేశాడు.

"జుట్టు నెరిసినవాళ్ళు కూడా ఉన్నారు చూడు, సిగ్గులేని మొహాలు," అంది మెయ్‌యూ. "వాళ్ళ పెళ్ళాలకి తెలియదంటావా?"

"తెలియదేమో," అన్నాడు మావోసోంగ్.

"అయితే ఇప్పుడు తెలిసింది," అని ఆమె గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

ఆ క్షణం నుంచి అతనికి కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. పోస్టు బండి హారను వినబడితే సమన్లే అనుకున్నాడు. రాకెట్ బిగిస్తుంటే పట్టు తప్పి, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఒక తీగ పుటుక్కున తెగింది. మర్నాడు పొద్దున్నే బజారులోంచి కాయిన్లన్నీ తన ఫోను వాలెట్లోకి లాగేసుకుని, లియావ్‌ని పట్టుకున్నాడు.

"అన్నీ అమ్మేయాలి లియావ్. ఇక ఆ జోలికి పోను. నీ పేరు మీద అమ్మిపెట్టు."

"మూడు లక్షలు నా ఖాతాలో పడితే బ్యాంకువాడు నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి అడుగుతాడు. నాకేం పట్టింది అన్నా?" లియావ్ కిటికీలోంచి ఉమ్మేశాడు. "కాయిన్లు కొని అమ్మేవాళ్ళ చాట్ గ్రూపులో పెట్టు. కొనేవాడు నోట్లు తెస్తాడు, నువ్వు కాయిన్లు పంపుతావు, ఎవరి దారిన వాళ్ళు పోతారు. బ్యాంకు లేదు, పాసుపుస్తకం లేదు."

మావోసోంగ్ నోటుపుస్తకం తీసి కొత్త పేజీలో మూడు ప్రశ్నలూ వేసుకున్నాడు. చేతికి నోట్లు. ఖాతాకు మచ్చ లేదు. పేరు ఎవరికీ తెలియదు. అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఈ దారికే వచ్చాయి. అయినా జాగ్రత్త పోదు కదా, తన షరతులు తను పెట్టాడు. కొనే మనిషి స్వయంగా రావాలి, గుర్తింపు కార్డు చూపించాలి, కాగితం మీద సంతకం పెట్టాలి, సూపర్ స్టోరులో కెమెరా కింద బల్ల దగ్గరే ఇచ్చిపుచ్చుకోవాలి. గ్రూపులో ఒకడు వెంటనే ఒప్పుకున్నాడు. "మా అమ్మ పేరు మీద కొంటున్నాం. ఆవిడే తెస్తారు," అని రాశాడు. అమ్మ అనేసరికి మావోసోంగ్‌కి ప్రాణం కుదుటపడింది.

ఆ మర్నాడు, బుధవారం మధ్యాహ్నం రెండింటికి మెట్రో స్టేషను ఎదుటి సూపర్ స్టోరు. కౌంటరు పక్కన టీ ఆకు నీళ్ళలో గుడ్లు ఉడుకుతున్నాయి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మోగే సంగీతానికి మావోసోంగ్ ఉలిక్కిపడుతున్నాడు. ఆరోసారి మోగినప్పుడు ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా, గుడ్డ సంచీ, చెవిలో ఫోను తీగ.

"నువ్వేనా నాయనా, కాయిన్లు అమ్మేది?"

"అవును పెద్దమ్మా. కూర్చోండి."

ఆవిడ పేరు హోంగ్ సూజూ అని కార్డు మీద ఉంది. నలభై ఏళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టానని తనే చెప్పింది. వేళ్ళు చూస్తేనే తెలుస్తుంది, చూపుడువేలి చివర సూదిపోట్లకు గట్టిపడిపోయింది. సంచీలోంచి బ్యాంకు కవర్లు మూడు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. నోట్లకు బ్యాంకు పట్టీలు ఇంకా విప్పలేదు.

మావోసోంగ్ తన కాగితం తీసి, రాసుకున్న ప్రశ్న చదివాడు. "ఈ కాయిన్లు ఎందుకు కొంటున్నారు పెద్దమ్మా? ఎవరైనా కొనమన్నారా?"

ఆవిడ రెప్ప వేయకుండా అప్పజెప్పింది. "వంటింట్లో పైపులు కారుతున్నాయి. మేస్త్రీకి ఇవ్వాలి. అంతా నా ఇష్టంతోనే, నన్నెవరూ ఏమీ చెయ్యమనలేదు."

మావోసోంగ్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఈ ఊళ్ళో టీవీ చూసే ప్రతివాళ్ళకీ తెలుసు ఆ మాట. పెద్దవాళ్ళు పెద్ద మొత్తం తీయబోతే బ్యాంకు కౌంటరులో అమ్మాయి ఆపి ఎందుకమ్మా అని అడుగుతుంది, అనుమానం వస్తే పోలీసును పిలుస్తుంది. అందుకని మోసగాళ్ళు ముందే నేర్పి పంపుతారు: పైపులు, మేస్త్రీ, నా ఇష్టం.

"మేస్త్రీ కాయిన్లు తీసుకుంటాడా పెద్దమ్మా?" అన్నాడు మెల్లగా.

ఆవిడ తడబడింది. చెవిలో తీగను ఒకసారి తాకింది. "ఆ ప్రశ్న సారు చెప్పలేదు," అంది.

అతను ఆ కవర్లవైపు చూశాడు. ఇన్నేళ్ళుగా రాసుకున్న మూడు ప్రశ్నల్లో ఎక్కడా ఒక ప్రశ్న లేదు. ఆ డబ్బు ఎవరిది? తన పేరు, తన ఖాతా, తన పాసుపుస్తకం, తన భయం, వీటి గురించే రాసుకున్నాడు గానీ, అవతల చెయ్యి ఎవరిదో ఒక్కనాడు రాసుకోలేదు.

"ఏ సారు? ఎందులో పెడుతున్నారు?"

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "టెన్నిస్. ఎవరు గెలుస్తారో సారు ముందే చెబుతారు. అన్నీ గెలిచాం. చూడు." ఫోను తిప్పి చూపింది. నీలం రంగు తెర. క్రొయేషియా అమ్మాయికీ కజకిస్తాన్ అమ్మాయికీ మ్యాచ్ నడుస్తోంది. రెండో సెట్టు, గేములు నాలుగు-రెండు. ధర డెబ్బై ఒక్క సెంట్లు, మెరుస్తూ పెరుగుతోంది.

మావోసోంగ్‌కి ఆ మ్యాచ్ బాగా తెలుసు. నిన్నటిదాకా ఆ చీటీలు తన దగ్గరే ఉన్నాయి. ఆ క్రొయేషియా అమ్మాయి చీలమండ బెణికి తప్పుకుందని పొద్దున అలవాటుగా తెరిచిన ఆటల వార్తల్లో చదివాడు. ఆ ఆట జరగడమే లేదు. లేని ఆటకు స్కోరు పెరుగుతోంది, దాని మీద ఈ ముసలి ప్రాణం నలభై ఏళ్ళ కుట్టుకూలి పెట్టి కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, ఈ మ్యాచ్ లేదు. ఆ పిల్ల ఆడటం లేదు."

"ఇలా అంటారనే సారు చెప్పారు," అంది ఆవిడ, జాలిగా. "మన గెలుపు చూసి ఓర్వలేనివాళ్ళు ఉంటారు, కాయిన్లు అమ్మేవాడు కూడా ఏదో ఒకటి అంటాడు, పట్టించుకోకండి అన్నారు. నువ్వు కాయిన్లు పంపు నాయనా. పంపవలసిన అడ్రసు ఇదిగో." ముద్రించిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

ఇప్పుడేం చెయ్యాలి? పంపితే డబ్బు చేతికొస్తుంది, కాయిన్లు దొంగలకు పోతాయి. పోలీసును పిలిస్తే, వాళ్ళు మొదట అడిగేది ఆవిణ్ణి కాదు. ఈ కాయిన్లు నీకెక్కడివి అని తననే. ఆ జవాబు ఏ దారిన పోయినా మెయ్‌యూ దగ్గరికే చేరుతుంది. మావోసోంగ్ తన కాగితాలు తీసి తన సంచీలో కుక్కుకున్నాడు.

"ఇవాళ కుదరదు పెద్దమ్మా. మీరు ఇంటికెళ్ళిపోండి. ఆ డబ్బు బ్యాంకులో వేసేయండి. దండం పెడతాను," అని, ఆవిడ పిలుస్తున్నా వెనక్కి చూడకుండా బయటికి వచ్చేశాడు.

పిరికివాడు చేసిన పనే అది, ఇందులో దాపరికం ఏముంది. తను అమ్మలేదు కదా, తన చెయ్యి లేదు కదా అనుకుంటూ స్కూటరు దగ్గరికి పరిగెత్తినంత పని చేశాడు. మొదటి తాళం తీశాడు. రెండోదానికి తొందరలో తాళంచెవి దిగడం లేదు. ఒకే తాళం వేసే మనిషైతే ఆపాటికి రెండు వీధులు దాటిపోయేవాడు.

తల ఎత్తితే అద్దంలోంచి ఆవిడ కనబడింది. ఫోనులో ఎవరికో తల ఊపుతోంది. కవర్లు మళ్ళీ వరసగా సర్దుకుని, ఎవరి కోసమో తలుపు వైపు చూస్తూ కూర్చుంది. మావోసోంగ్ తాళంచెవి పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. పదినిమిషాలు కాలేదు, నల్ల టోపీ, నల్ల మాస్కు పెట్టుకున్న ఒక మనిషి మోటారు సైకిలు దిగి లోపలికి నడిచాడు. ఒకడు వద్దంటే ఇంకొకడు. వాళ్ళ దగ్గర అమ్మేవాళ్ళకు కొదవేముంది.

మావోసోంగ్‌కి మెయ్‌యూ చిన్నప్పుడు గోడకు ఆనుకుని చూసిన బల్ల గుర్తొచ్చింది. ఆ ఇంట్లో ఆ పిల్లల అన్నం తినిపోయిన మనుషులు గుర్తొచ్చారు. వాళ్ళకి టోపీ ఉండేదో లేదో అతనికి తెలియదు. రెండో తాళం అలాగే వదిలేసి లోపలికి వెళ్ళాడు.

బల్ల దగ్గర కూర్చుని, ఆ కవర్ల మీద తన అరచెయ్యి పెట్టాడు. రెండో చేత్తో పోలీసులకు ఫోను చేశాడు. "సారూ, ఇక్కడ ఒక పెద్దావిడ ఉంది. డబ్బు తీసుకుపోతున్నారు. త్వరగా రండి."

నల్ల టోపీ మనిషి జేబులోంచి ఫోను తీసి మావోసోంగ్ మొహాన్ని నిదానంగా ఫొటో తీసుకున్నాడు. దుకాణం పేరున్న అతని చొక్కా జేబుని కూడా తీసుకున్నాడు. తర్వాత కౌంటరులో సిగరెట్లు కొని, చిల్లర సరిచూసుకుని వెళ్ళిపోయాడు.

పోలీసులు రావడానికి ఏడు నిమిషాలు పట్టింది. వచ్చేసరికి హోంగ్ పెద్దమ్మ కోపంతో ఎర్రబడి ఉంది. "వీడే. నా డబ్బు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. వీణ్ణి తీసుకుపోండి," అంది వేలు చూపిస్తూ. టీ గుడ్లు కొనడానికొచ్చిన జనమంతా చూస్తుండగా మావోసోంగ్‌ని నడిపించుకుపోయారు. జీవితమంతా దేనికి భయపడ్డాడో అదే జరిగింది, అదీ పట్టపగలు.

స్టేషనులో షియే అనే అమ్మాయి పోలీసు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. పెద్దమ్మ పైపుల కథ అప్పజెప్పింది. మేస్త్రీ పేరు అడిగితే గోడవైపు చూసింది. షియే ఎంత నచ్చజెప్పినా, ఆవిడ ఫోనును ఒళ్ళో గట్టిగా పట్టుకుని "మా సారు అలాంటివారు కాదు" అన్న మాట వదల్లేదు.

మావోసోంగ్ నోరు విప్పాడు. "ఆవిణ్ణి ఒక పని చెయ్యమనండి. అందులోంచి వెయ్యి యువాన్లు బయటికి తియ్యమనండి. వెయ్యే."

"పెద్దమ్మా, అన్న చెప్పినట్టు ఒక్కసారి చూద్దామా?" అంది షియే.

"ఓస్, అంతేనా," అంది పెద్దమ్మ. కళ్ళజోడు సర్దుకుని, కుట్టుపని వేలితో మెల్లగా నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది. ఒక మాట వచ్చింది. ఆవిడ పైకి చదివింది. "ముందుగా... ధరావతు కింద... లక్షన్నర..." అక్కడ ఆగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే వచ్చింది. మూడోసారి నొక్కలేదు.

ఆవిడ ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. తర్వాత ఆవిడ ఎవరికీ చెప్పనట్టుగా అంది. "ఇదివరకే ఇరవై రెండు లక్షలు పెట్టాను. మా ఆయన పోయినప్పుడు వచ్చిన బీమా కూడా."

షియే ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. కాసేపాగి మావోసోంగ్ వైపు తిరిగింది. "మీరెవరో తెలుసుకుందామని ఇందాక మీ దుకాణానికి ఫోను చేశాం అన్నా. మీ ఆవిడ ఎత్తారు. వస్తున్నారు."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"రాసుకోవాలి. మీ దగ్గరున్న కాయిన్లు ఎక్కడివి?"

అబద్ధాలు తోచకపోలేదు. గట్టింగ్ డబ్బుతో పొదుపుకని కొన్నానని అనొచ్చు. లియావ్ దాచమన్నాడని అనొచ్చు. ఈ అమ్మాయి అంత పట్టించుకునేలా కూడా లేదు. నోటుపుస్తకం సంచీలోనే ఉంది, ఎవరూ చూడలేదు. అప్పుడు హోంగ్ పెద్దమ్మ తల ఎత్తి అతన్ని చూసింది. ఇందాకటి కోపం లేదు. ఏదో ఒక్క పోగు ఇంకా మిగిలి ఉందేమో అన్నట్టు అడిగింది.

"నీదీ అలాంటి బజారేనా నాయనా? నీదైనా నిజమైనదేనా? నీ చేతికి ఎంతొచ్చింది?"

మావోసోంగ్ నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "బజారు నిజమైనదే పెద్దమ్మా. నాలుగేళ్ళుగా టెన్నిస్ మీద పందెం కాశాను. చేతికి ఒక్క యువాను రాలేదు."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక తలుపు దగ్గర అలికిడైంది. మెయ్‌యూ నిలబడి ఉంది. బండి దగ్గరి ఏప్రాన్ విప్పకుండానే వచ్చేసింది, ముంజేతికి పిండి అంటుకుని ఉంది. ఎంతసేపైందో వచ్చి.

"నాలుగేళ్ళా?" అంది.

"నాలుగు," అన్నాడు మావోసోంగ్.

అతని పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మెయ్‌యూ దాని పక్కనుంచి నడిచి వెళ్ళి హోంగ్ పెద్దమ్మ పక్కన కూర్చుంది. ఏప్రాన్ జేబులోంచి ఆవిరి రొట్టె ఒకటి తీసి, కాగితం విప్పి ఆవిడ చేతిలో పెట్టింది. తర్వాత చెయ్యి చాచి బల్ల మీది నోటుపుస్తకం తీసుకుంది. అట్ట మీద రాసింది చదివింది. మొదటి పేజీ తిప్పి, మొదటి వరస మీద వేలు పెట్టింది.